ఫైలు తెరిచిన ఉద్యోగినిపై వేటు ఎందుకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పత్రిక జిల్లా పేజీలో ఈ మధ్య వచ్చిన ఒక వార్త గురించి రాస్తున్నాను. ఓ కార్యాలయంలో ఫైళ్లేవీ తెరుచుకోవడం లేదు, డబ్బు కడితేనే తెరుస్తామని తెరల మీద సందేశం కనిపించింది, మెయిల్లో వచ్చిన ఫైలు తెరిచిన డేటా ఎంట్రీ ఆపరేటర్‌ను సస్పెండ్ చేశారు. ఇదీ వార్త. శీర్షికలోనే ‘నిర్లక్ష్యం’ అనేశారు. లోపల ఆమె పేరు, పనిచేసే సెక్షను, కాంట్రాక్టు ఉద్యోగిని అన్న సంగతి కూడా వేశారు. దాడి చేసినవాళ్ల గురించి మాత్రం ‘గుర్తు తెలియని హ్యాకర్లు’ అని సరిపెట్టారు. గుర్తు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి వేటు ఆమె మీద పడింది.

ఆ కార్యాలయంతో నాకు ఏ సంబంధమూ లేదు. నేను హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని ఒక సంస్థలో సైబర్ సెక్యూరిటీ ఎనలిస్టుని. సొంతూరు తెనాలి. ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు, చిన్న ఫైనాన్స్ సంస్థలు తమ నెట్‌వర్క్ మీద నిఘా పనిని మాలాంటి వాళ్లకు అప్పగిస్తాయి. మేం షిఫ్టుల్లో కూర్చుని కాపలా కాస్తాం. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మా పని ఇంకాస్త కష్టమవుతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ పనేమిటో కొంచెం చెప్పాలి.

మా ముందు ఒక క్యూ ఉంటుంది. అందులోకి అలర్టులు వస్తూనే ఉంటాయి. ఎక్కువ భాగం ఉత్తవే. సంక్రాంతి సెలవుల మర్నాడు వచ్చేవన్నీ పాస్‌వర్డ్ మర్చిపోయి పదేపదే కొట్టి చూసినవాళ్లవే. కంప్యూటర్‌లో జరిగినవి రాసిపెట్టుకునే విండోస్ లాగ్‌లో 4625 అనే నంబరు వరసగా కనబడితే తప్పు పాస్‌వర్డ్ కొట్టారని అర్థం. ఆ వెంటే 4624 వస్తే లోపలికి వెళ్లారని. అదే మనిషా, పాస్‌వర్డ్ ఊహించి దూరిన ఇంకొకడా అన్నది తేల్చాలి. ఓ పెద్దాయన ఖాతా ఉదయం విజయవాడలో, సాయంత్రం దుబాయ్‌లో తెరుచుకుందని అలర్టు వస్తుంది. ఫోన్ చేస్తే ‘అమ్మాయి పురిటికి వచ్చామమ్మా’ అంటారు. ఆ అలర్టు మూసేస్తాం. ఇలాంటివి మూసీ మూసీ కళ్లు మొద్దుబారిపోయే సమయానికి అసలుది వస్తుంది. ఎవరో వర్డ్ ఫైలు తెరిచిన మరుక్షణం ఆ వర్డ్ లోపలి నుంచి పవర్‌షెల్, అంటే కంప్యూటర్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సాధనం, నడిచినట్టు కనిపిస్తుంది. ఉత్తరాలు టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్‌కు పవర్‌షెల్‌తో పనేమీ ఉండదు. అది కనబడగానే టీ చల్లారిపోయినా పట్టించుకోం.

ముందు ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీస్తాం. ఏ ఫైలు ఏ ఫైలును పిలిచింది, బయట ఏ చిరునామాతో మాట్లాడింది, అదే మెయిల్ ఇంకెవరి ఇన్‌బాక్సుల్లో ఉంది, ఎవరి పాస్‌వర్డ్ పోయి ఉంటుంది, ఆ మెయిల్ ఖాతాలో వచ్చిన ఉత్తరాలన్నీ ఇంకెవరికో వెళ్లేలా రహస్యంగా రూలు పెట్టారా. ఇవన్నీ యంత్రమే చెబుతుంది, లాగ్‌లు సరిగా ఉంటే. యంత్రం చెప్పలేనివి కొన్ని ఉంటాయి. ఫైలు తెరిచాక తెర మీద ఏం కనిపించింది? ఎక్కడైనా పాస్‌వర్డ్ టైపు చేశారా? తెరుచుకోలేదని పక్క సీటువాళ్లకు పంపి చూడమన్నారా? ముందు సొంత ఫోన్లో తెరిచారా? ఆ మెయిల్ రాకముందే వాట్సాప్‌లో ఎవరైనా ఫోన్ చేసి ‘మెయిల్ పంపాను, చూడండి’ అన్నారా? వీటికి జవాబు చెప్పగలిగింది ఆ తెరిచిన మనిషి ఒక్కరే. మీ వార్తలో సస్పెండ్ అయింది ఆ మనిషే.

ఒక ఫ్యాక్టరీ సంగతి చెబుతాను. పేరూ ఊరూ వద్దు. అక్కడి అకౌంటెంటుకు ఓ శుక్రవారం సాయంత్రం జీఎస్‌టీ నోటీసు పేరుతో జిప్ ఫైలు వచ్చింది. తెరిచారు, ఏమీ కనబడలేదు. మళ్లీ తెరిచారు. అప్పుడూ లేదు. ఆయనకు ఏదో తేడాగా ఉందని అనిపించింది కూడా. చెబితే ఎండీ గారు అందరి ముందూ నిలబెట్టి అడుగుతారని నోరు మూసుకుని ఇంటికి వెళ్లిపోయారు. అప్పటికి ఆ ఫ్యాక్టరీ మా నిఘాలో లేదు. మునిగాక పిలిచారు. శని, ఆదివారాలు లోపల ఒకడు తాపీగా తిరిగాడు. అన్ని అధికారాలూ ఉండే అడ్మిన్ పాస్‌వర్డ్ సంపాదించాడు, బ్యాకప్ సర్వర్ ఎక్కడుందో వెతుక్కున్నాడు, ముందు దాన్ని చెరిపి, ఆదివారం రాత్రి మిగతావన్నీ తాళం వేశాడు. సోమవారం నేను ఫోన్లో అడిగితే ఆయన ‘నేనేం తెరవలేదమ్మా, నా సిస్టమ్ నేను వచ్చేసరికే అలా ఉంది’ అన్నారు. మర్నాడూ అదే మాట. ఆ మాటను నమ్మి మా వాళ్లు బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి అయిన వీపీఎన్ మీద పడ్డారు, పాత ఉద్యోగుల ఖాతాల మీద పడ్డారు. మూడోసారి ఎండీ లేనప్పుడు చేశాను. ‘మీ పేరు నివేదికలో ఉండదు సార్, కంప్యూటర్ నంబరే ఉంటుంది’ అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మొత్తం చెప్పారు, ఫైలు పేరు సహా. ఆ పేరుతో వెతికితే ఇంకో రెండు కంప్యూటర్లలో అదే ఫైలు దొరికింది. ఆయన తెరిచి చూడమని పంపినవి. మేం శుభ్రం చేశామనుకున్న నెట్‌వర్క్‌లో వాడికి ఇంకా రెండు తలుపులు తెరిచే ఉన్నాయి.

ఆయన శుక్రవారం సాయంత్రమే ఎవరికైనా ఒక్క ఫోన్ చేసి ఉంటే ఒక కంప్యూటర్‌తో పోయేది. ఆయన చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు. బ్యాలెన్స్ షీట్‌లో రూపాయి తేడా వస్తే రాత్రంతా కూర్చునే మనిషి. ఆయన నోరు నొక్కింది భయం. అలాంటి భయాన్ని మీ శీర్షిక జిల్లాలోని ప్రతి గుమస్తాకూ పంచిపెట్టింది. రేపు ఇంకో ఆఫీసులో ఇంకో అమ్మాయి తప్పు ఫైలు తెరిస్తే మొదట గుర్తొచ్చేది ఈ వార్తే. మెయిల్ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి, బస్సెక్కుతుంది.

‘అయినా చదువుకున్నవాళ్లు అలాంటివి తెరుస్తారా’ అని కొందరు అంటారు. 2011 మార్చిలో ఆర్‌ఎస్‌ఏ అనే అమెరికన్ సంస్థలో జరిగింది చూడండి. బ్యాంకులకూ ప్రభుత్వాలకూ భద్రతా టోకెన్లు తయారుచేసి ఇచ్చే సంస్థ అది. అక్కడి ఉద్యోగికి ‘2011 నియామకాల ప్రణాళిక’ అన్న అర్థం వచ్చే శీర్షికతో మెయిల్ వచ్చింది. ఫిల్టర్ దాన్ని జంక్‌లో పడేసింది కూడా. ఆ ఉద్యోగి అందులోంచి బయటకు తీసి మరీ తెరిచారు. లోపలి ఎక్సెల్ ఫైల్లో దాగినది ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌లో అప్పటికి తయారుచేసినవాళ్లకే తెలియని లోపాన్ని వాడుకునే కోడ్. భద్రతే వ్యాపారమైన చోట పరిస్థితి ఇది. రోజుకు వంద అర్జీలు మెయిల్లో తెరవడమే ఉద్యోగమైన మనిషిని ‘తెలియని ఫైళ్లు తెరవకు’ అంటే ఆమె జీతం దేనికి తీసుకోవాలి?

మీ వార్తలో నాకు అంతకంటే విడ్డూరంగా అనిపించిన వాక్యం చివర్లో ఉంది. ‘సాంకేతిక సిబ్బంది అన్ని కంప్యూటర్లనూ ఫార్మాట్ చేసి సేవలు పునరుద్ధరించారు.’ మంచి వార్తలాగే రాశారు. ఇంట్లో దొంగలు పడితే ఇల్లంతా కడిగి ముగ్గు పెట్టాక పోలీసులను పిలిచినట్టు ఉంది. డిస్కులో ఉన్న ఆనవాళ్లన్నీ ఆ ఫార్మాట్‌తో పోయాయి. విండోస్ సెక్యూరిటీ లాగ్ మామూలుగా 20 ఎంబీ. నిండితే పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటుంది. వేరే సర్వర్‌కు పంపి దాచకపోతే, ఆనవాళ్లు ఉన్నది ఆ డిస్కుల్లోనే. అవే కొట్టేశారు.

అలాంటప్పుడు ఆమె తెరిచిన ఫైలే కారణమని ఎలా తేల్చారు? ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ముఠాలు మెయిల్ ద్వారానే రావాలని లేదు. దూరం నుంచి పనిచేయడానికి తెరిచిపెట్టిన రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వస్తారు. ఎక్కడో లీకైన వీపీఎన్ పాస్‌వర్డ్‌తో వస్తారు. లోపాలు సరిచేసే ప్యాచ్ వేయని పాత సర్వర్‌లోంచి వస్తారు. వచ్చాక చాలాసార్లు రోజుల తరబడి లోపలే ఉండి, మనుషులు లేని వేళ చూసి తాళం వేస్తారు. ఆమె ఆ రోజు తెరిచిన మెయిల్ ఉత్త ప్రకటన కూడా కావచ్చు. ఫైళ్లు పోయిన రోజున ఎవరో ఏదో తెరవడం ఏ ఆఫీసులోనైనా జరిగేదే. ఆధారం చెరిపేసినవాళ్లే ఆధారం లేకుండా శిక్ష వేశారు, మీరు దాన్ని అచ్చువేశారు.

2017 మే 12న మొదలైన వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి మీకు గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అప్పుడూ ‘తెలియని మెయిళ్లు తెరవకండి’ అని ఊరూవాడా హెచ్చరికలు చేశారు. వన్నాక్రైకి ఎవరూ ఏదీ నొక్కనక్కరలేదు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలోని లోపం పట్టుకుని ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. దాదాపు రెండు నెలలు దాన్ని వేయనివాళ్లు ఎవరన్నది అడగాల్సిన ప్రశ్న.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయాయి. ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు రోజుల తరబడి చేత్తో రాసుకున్నారు. 5 సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల డేటా దెబ్బతిన్నాయని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. కారణంగా చెప్పింది నెట్‌వర్క్‌ను సరైన విభాగాలుగా విడదీయకపోవడం. అంటే ఒక గదిలోకి దూరినవాడికి అన్ని గదులూ తెరిచే ఉన్నాయి. మన హైదరాబాద్‌లో 2022 జనవరిలో మహేష్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా కొట్టేసిన కేసు చూడండి. అక్కడ ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ మెయిళ్లతోనే, అంటే నమ్మించి మోసం చేసే మెయిళ్లతోనే, మొదలైందని పోలీసులు తేల్చారు, నిజమే. కానీ అక్కడితో ఆగలేదు. బ్యాంకు భద్రతా ఏర్పాట్లలోని లోపాలనూ బయటపెట్టారు. తర్వాతి ఏడాది రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది బ్యాంకుకే. దర్యాప్తు అంటే అదీ. ఒక క్లిక్కుకే కోట్లు పోయే ఏర్పాటు ఎవరు చేసిపెట్టారన్నది కూడా లెక్కలోకి వచ్చింది.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామంది అధికారులకు తెలియదు. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గమనించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి. లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. ప్రభుత్వ కార్యాలయాలకూ, ప్రైవేటు కంపెనీలకూ ఇదే నియమం. మీ విలేకరి 6 గంటల గురించి అడిగారా, 180 రోజుల లాగ్‌లు ఏవని అడిగారా అన్నది వార్తలో లేదు. 6 గంటలంటే పొద్దున పదింటికి తెలిస్తే సాయంత్రం నాలుగు. అందరికంటే ముందు గమనించేది కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషే. ఆ మనిషికి నోరు విప్పితే ఉద్యోగం పోతుందన్న భయం ఉంటే 6 గంటలూ మొదలే కావు.

బ్రిటన్‌లో ప్రభుత్వ సంస్థ నేషనల్ సైబర్ సెక్యూరిటీ సెంటర్ తన ఫిషింగ్ మార్గదర్శకాల్లోనే రాసింది, నొక్కినవాళ్లను శిక్షించొద్దని, శిక్షిస్తే ఎవరూ చెప్పరని. ఇక్కడ కొన్ని కంపెనీలు ఇంకో అడుగు ముందుకేశాయి. పరీక్ష పేరుతో తామే ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్లు పంపి, నొక్కినవాళ్ల పేర్లు గ్రూపులో పెడతాయి. అమెరికాలో వెబ్‌సైట్ పేర్లు అమ్మే గోడాడీ సంస్థ 2020 డిసెంబరులో 650 డాలర్ల పండగ బోనస్ ఇస్తామంటూ ఇలాంటి మెయిలే సొంత ఉద్యోగులకు పంపి, తిట్లు తిన్నాక క్షమాపణ చెప్పింది. కరోనా ఏడాదిలో బోనస్ అంటే ఎవరు నొక్కరు? నేనైనా నొక్కుతాను.

భయం లేని చోట ఏమవుతుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది అదే ఏడాది చివర ఫైర్‌ఐలో జరిగింది. అదీ భద్రతా సంస్థే. ఒక ఉద్యోగి ఖాతాకు కొత్తగా ఇంకో ఫోన్ జతైనట్టు అలర్టు వచ్చింది. మా క్యూలో రోజూ వచ్చేలాంటి అలర్టే, మూసేసి ముందుకు పోవచ్చు. అక్కడివాళ్లు ఆ ఉద్యోగికి ఫోన్ చేసి ఆ ఫోన్ మీదేనా అని అడిగారు. కాదన్నారు. ఆ తీగ లాగితే సోలార్‌విండ్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ సంస్థ డొంకంతా కదిలింది. సోలార్‌విండ్స్ వాళ్ల ఒరాయన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే దొంగ కోడ్ దూర్చారని, సుమారు 18,000 సంస్థలకు అది చేరిందని, అందులో అమెరికా ప్రభుత్వ శాఖలూ ఉన్నాయని బయటపడింది. ప్రపంచంలో అన్ని భద్రతా పరికరాలూ ఉన్న సంస్థలో కూడా తేల్చింది ఒక ఫోన్ కాల్, దానికి దాపరికం లేని జవాబు. ఆ ఉద్యోగి ‘ఆ.. నాదే అనుకుంటా’ అని తప్పించుకుని ఉంటే ఇంకెన్నాళ్లు నడిచేదో.

మా షిఫ్టులో ఇలాంటి జవాబులు ఇచ్చేవాళ్లు లేకపోలేదు. ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ కుర్రాడు రాత్రి తొమ్మిదింటప్పుడు తనంతట తానే మాకు ఫోన్ చేశాడు. ‘మేడమ్, కొరియర్ వాళ్లదనుకుని నొక్కాను, పాస్‌వర్డ్ కూడా కొట్టాను, ఇప్పుడేం చేయమంటారు’ అని. ఖాతా ఆపి, పాస్‌వర్డ్ మార్పించి, మిగతా ఇన్‌బాక్సుల్లోంచి ఆ మెయిల్ లాగేశాం. మర్నాడు పొద్దున అక్కడ ఓపీ మామూలుగానే నడిచింది. అది ఏ పత్రికలోనూ రాలేదు. రావాలనీ కాదు. కాకపోతే ఆ కుర్రాడి గురించి వాళ్ల మేనేజర్‌కు నేను రాసిన మెయిల్లో అతని పేరు వేశాను. నివేదికల్లో పేర్లు వేయను, అక్కడ మాత్రం వేశాను.

మీ విలేకరులకు నేను చెప్పదలచుకున్నది పెద్దగా లేదు. ఈసారి ఎవరైనా అధికారి ‘మా ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల’ అంటే, ఆ కంప్యూటర్ డిస్కు కాపీ తీయించారా అని అడగండి. నెట్‌వర్క్‌తో కలవకుండా వేరుగా దాచిన బ్యాకప్ ఉందా, దాన్నుంచి ఎప్పుడైనా ఫైళ్లు తిరిగి తెచ్చి చూశారా అని అడగండి. గుమస్తా కంప్యూటర్‌కు అడ్మిన్ అధికారాలు ఎందుకిచ్చారని అడగండి. ఈ మూడింటికి జవాబు రాకపోతే మీ శీర్షిక మీకే దొరుకుతుంది.

పాఠకులకూ ఒక మాట. ఖాతాలోంచి డబ్బు పోతే 1930కి ఫోన్ చేయమని మీరు తరచూ వేస్తారు, చాలా మంచిది, ఎంత తొందరగా చేస్తే అంత డబ్బు ఆపగలరు. ఆఫీసు కంప్యూటర్ విషయం కొంచెం వేరు. నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి, పవర్ మాత్రం ఆపకండి. ఆపితే మెమరీలో ఉన్నవి పోతాయి. తెర ఫోటో తీయండి. ఏదీ డిలీట్ చేయకండి. ఆఫీసులో చెప్పాల్సినవాళ్లకు వెంటనే చెప్పండి.

ఇంకొక్కటి, ఇది మీకే. ఆ వార్తతోపాటు హ్యాకర్ల సందేశం ఉన్న తెర ఫోటో వేశారు. అందులో కింద ఒక పొడవాటి చిరునామా, బాధితుల గుర్తింపు సంఖ్య స్పష్టంగా చదవగలిగేలా ఉన్నాయి. ముఠాతో బేరాలు జరిగే చాట్ గదికి చాలాసార్లు అవే తాళంచెవులు. చదివినవాళ్లెవరైనా అందులోకి వెళ్లి, ఏం మాట్లాడుకుంటున్నారో చూడొచ్చు, కార్యాలయం తరఫున మాట్లాడుతున్నట్టు నటించి బేరం చెడగొట్టొచ్చు కూడా. మీ వెబ్‌సైట్‌లో ఆ ఫోటో ఇవాళ పొద్దున నేను చూసేసరికి ఇంకా అలాగే ఉంది. దయచేసి ఈ ఉత్తరం వేసినా వేయకపోయినా ముందు దాన్ని తీసేయండి.

(మా సంస్థ నియమాల దృష్ట్యా పేరు ప్రచురించవద్దని మనవి.)

భవదీయురాలు,
ఒక సైబర్ సెక్యూరిటీ ఎనలిస్టు,
నిజాంపేట, హైదరాబాద్